నీళ్లకి స్కేలు లేదురా

పోయిన నెల మావయ్య సంవత్సరీకానికి విశాఖలో మల్కాపురం వెళ్లాను. భోజనాలయ్యాక అత్తయ్య పెరట్లోకి పిలిచి, "ఆ పెట్టి ఓసారి తీసి సూడరా, పనికొచ్చేవి ఏటైనా ఉంటే పట్టుకెళ్లు, లేపోతే పాత సామాన్లోడికి ఇచ్చెత్తాను" అంది. టేకు పెట్టె. మూత ఎత్తానో లేదో వాసన గుప్పుమంది. స్పిరిట్ పాలిష్, లప్పం, ఎప్పటిదో చిత్రిక పొట్టు, ఉలుల మీది తుప్పు, అన్నీ కలిసిన వాసన. మధ్యలో ఇన్నేళ్లు ఎటు పోయాయో తెలీదు, నిక్కరేసుకుని ఆయన పక్కన గొంతుక్కూర్చున్న రోజుల దగ్గరికి వెళ్లిపోయాను.

మావయ్యది ప్యాటర్న్ షాపులో పని. ఇప్పటి పిల్లలకి ఈ మాట తెలియకపోవచ్చు. ఇనుముతోనో గన్‌మెటల్‌తోనో ఒక వస్తువు పోత పొయ్యాలంటే ముందు దాని ఆకారాన్ని చెక్కతో తయారు చెయ్యాలి. ఆ చెక్కని ఇసకలో పెట్టి గట్టిగా దిమ్మిస్తారు, ఆ తర్వాత అంచు చెదరకుండా పైకి లాగేస్తారు, అది వదిలిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. అంటే మావయ్య పది రోజులు కూర్చుని చెక్కినది చివరికి వస్తువులో ఎక్కడా ఉండదు, దాని ఆకారం మాత్రం ఉంటుంది. సింధియా వైపు ఒక వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఈ పనే చేశాడు. షిప్‌యార్డు మొదట్లో సింధియా కంపెనీది కాబట్టి ఆ ప్రాంతానికి ఆ పేరే ఉండిపోయింది. 1948లో నెహ్రూ 'జల ఉష' ఓడని నీళ్లలోకి వదిలింది అక్కడే. ఆ రోజు జనంలో తానూ ఉన్నానని మా తాత ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

పెట్టెలో అడుగున రెండు స్కేళ్లు దొరికాయి. ఒకటి మామూలుది. రెండోది ష్రింకేజీ స్కేలు. లోహం చల్లారితే కుదించుకుపోతుంది, పోత ఇనుమైతే అడుక్కి సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు, ఉక్కయితే పావు అంగుళం. ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా ఆ తేడా ముందే కలిపి గీసిన స్కేలది, దాని మీద అడుగు అసలు అడుగుకంటే కొంచెం పెద్దది. చిన్నప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి "ఏది నిజం అడుగో సెప్పు" అని అడిగేవాడు. నేను మామూలుది చూపిస్తే, "ఇంట్లోకైతే అది. పనిలోకైతే ఇది" అనేవాడు.

* * *

పెట్టె పక్కనే, అలమార మీద, చీర ముక్క కప్పుకుని ఓడ ఉంది. ఆయన రాత్రిపూట డ్యూటీ దిగాక తీరిక చేసుకుని కట్టిన సరుకు ఓడ నమూనా. నాలుగడుగుల పొడుగు. నూటికి ఒకటి స్కేలు, అంటే అసలు ఓడలో నూరో వంతు. డెక్కు మీద సరుకెత్తే డెరిక్కులు, నిచ్చెనలు, లైఫ్ బోట్లు, గుండుసూది తలంత రివెట్లు. చిన్న చిన్న గుండ్రటి భాగాలకి మటుకు ఏటికొప్పాక నుంచి అంకుడు కర్ర తెప్పించుకునేవాడు. బొమ్మలవాళ్లు వాడే కర్ర, మెత్తగా ఉంటుంది, పెళుసెక్కదు, లేతు మీద పట్టు చిక్కుతుంది.

అది పూర్తయిన రోజు పెరట్లో బట్టలుతికే సిమెంటు తొట్టిలో దించాం. వాడకట్టు పిల్లలం అందరం చుట్టూ మూగాం. తేలింది. కేరింతలు కొట్టాం. ఎవడో చేత్తో నీళ్లు తోశాడు, అల వచ్చి ఓడని తాకింది, నీళ్లు డెక్కు మీద చింది పడ్డాయి. మావయ్య మాత్రం నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి, కన్ను నీళ్ల మట్టానికి ఆనించి, చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఓడ బాగుంది. నీళ్లే బాగోలేవు."

నాకు అర్థం కాలేదు. డెక్కు మీద పడిన ఒక బొట్టుని వేలితో చూపించాడు. "ఇది ఎంతుంది? ఈ ఓడ మీద మనిషికి ఇది బిందెడు. సముద్రంలో బొట్టు బిందెంత ఉంటాదా? ఓడని నేను తగ్గించగల్ను. నీళ్లని తగ్గించలేను. నీళ్లకి స్కేలు లేదురా."

సినిమాల్లో బొమ్మ ఓడలతో, బొమ్మ నగరాలతో పనిచేసినవాళ్లందరూ తలలు పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే అని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. నీళ్లు, నిప్పు, పొగ ఈ మూడూ మనం చెప్పిన స్కేలు వినవు.

* * *

మా ఇంట్లో వీసీఆర్ లేదు. పండక్కో, ఎవరింట్లోనైనా పెళ్లయ్యాకో అద్దెకి తెచ్చేవారు, టీవీతో సహా, ఒక రాత్రికి. తెల్లవార్లూ నాలుగు క్యాసెట్లు. మూడు తెలుగువి పెద్దవాళ్లకి, చివరిది మా కోసం ఇంగ్లీషుది. ఆ చివరి క్యాసెట్ వేసేసరికి ఇంట్లో సగం మంది చాపల మీద నిద్రలో ఉండేవారు. అలా చూసిందే 'స్టార్ వార్స్'. అది 1977లో వచ్చిన సినిమా, మా దాకా ఆ క్యాసెట్ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మొదట్లోనే నెత్తి మీద నుంచి ఓడ ఒకటి వెళ్తుంది, ఎంతకీ అవ్వదు, వెళ్తూనే ఉంటుంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మావయ్య ఒక్కసారి లేచి, "ఆపు, ఆపు" అన్నాడు.

పాజ్ నొక్కితే బొమ్మ మీద అడ్డంగా గీతలు వణికేవి. ఆ గీతల మధ్యలో నుంచే ఆయన టీవీ గాజు మీద వేలు పెట్టి ఓడ పొట్ట మీది పైపులు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. "ఈ పైపు ఎక్కడికెల్తంది? ఎక్కడికీ ఎల్లట్లేదు. ఈ వాల్వుకి లైనే లేదు. అయినా సూడు, ఓడే అనిపిత్తంది. ఎవడో సేతుల్తో అతికించాడురా ఇది. ఏవేవో ముక్కలు తెచ్చి అతికించాడు."

నిజంగా అంతే. ఆ సినిమాకి పనిచేసినవాళ్లు కొట్లలో దొరికే ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకుల, ఓడల, విమానాల కిట్లు కొని, వాటిలోని ముక్కల్ని విప్పి అంతరిక్ష ఓడల ఒంటినిండా అతికించారు. ఏ ముక్కా ఏ పనీ చెయ్యదు. కానీ వెలుగు పడితే ప్రతి ముక్కకీ నీడ ఉంటుంది, ఆ నీడల వల్లే కంటికి అది కిలోమీటర్ల పొడుగున్న ఓడలా కనపడుతుంది. మావయ్య ఇదంతా ఎక్కడా చదవలేదు, జీవితమంతా అసలు ఓడల పక్కన తిరిగిన మనిషి కాబట్టి చూసి చెప్పేశాడు.

ఇంకొక సంగతి. ఆ సినిమాలో చాలా షాట్లలో కదిలింది ఓడ కాదు, కెమెరా. దానికి స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన జాన్ డైక్‌స్ట్రా బృందం కెమెరాని ఎలక్ట్రానిక్ మోటార్లకి బిగించి, ఒకే కదలికని ఎన్నిసార్లయినా వెంట్రుకవాసి తేడా లేకుండా చేయించింది. చేత్తో చేసిన పనికి యంత్రం అలా తోడైంది. ఇది ఇప్పుడు తలుచుకుంటే నాకు చాలా ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది.

* * *

1991లో సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' వచ్చాక మా వీధిలో నెలరోజులు ఒకటే ఆట. పోర్టు నుంచి ఎవరో తెచ్చిన పెద్ద ప్యాకింగు పెట్టె మా టైమ్ మెషీన్. లోపల ఇద్దరు పడతారు, మూడోవాడు బయట నిలబడి రేకు డబ్బా వాయించాలి. శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లాలంటే మెల్లగా, 2504కి వెళ్లాలంటే గట్టిగా. ఆ సినిమాలో యంత్రం మనుషులు ఎక్కి కూర్చునే నిజమైన వస్తువు కాబట్టే మేం దాన్ని పెట్టెతో చేసుకోగలిగాం అని నా నమ్మకం. తాకడానికి వీలైన దాన్నే పిల్లలు మళ్లీ కట్టుకుంటారు.

డైనోసార్ల సినిమా 'జురాసిక్ పార్క్'కి మావయ్య నన్ను వెంటపెట్టుకుని జగదాంబ సెంటర్ దాకా బస్సులో తీసుకెళ్లాడు. అక్కడున్న హాళ్లలో ఒకదాంట్లో, బాల్కనీ దొరక్క ముందు వరసల్లో, మెడలు పైకెత్తుకుని చూశాం. ఇంటర్వెల్లో గోళీ సోడా. ఆ రోజు హాల్లో జనం అరుపులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి, కానీ మావయ్యకి పట్టుకున్నది డైనోసార్ కాదు. అది రాకముందు కారులో గ్లాసు. గ్లాసులో నీళ్లు. నీళ్లలో వలయాలు. అడుగు పడినప్పుడల్లా నడిమధ్య నుంచి గుండ్రంగా, పొందిగ్గా పుట్టే వలయాలు.

ఇంటికొచ్చి రాత్రి పదకొండు గంటలకి స్టీలు గ్లాసులో నీళ్లు పోసి కిటికీ గూట్లో పెట్టాడు. మల్కాపురం రోడ్డు మీద రిఫైనరీ ట్యాంకర్లు వెళ్తూనే ఉంటాయి కదా. ట్యాంకర్ వెళ్లినప్పుడల్లా ఇద్దరం గ్లాసులోకి తొంగిచూసేవాళ్లం. నీళ్లు అదిరేవి, కానీ వలయం రాలేదు. గుడ్డ వేశాడు, చెక్క పెట్టాడు, గ్లాసు మార్చాడు. రాలేదు. అత్తయ్య దీపం ఆర్పమని కేకేసేదాకా అదే పని.

ఆ సినిమాకి పనిచేసిన మైకేల్ లాంటియేరీ అనే స్పెషల్ ఎఫెక్ట్స్ మనిషికీ మొదట రాలేదట. చివరికి గిటారు తీగ ఒకటి కారు డాష్‌బోర్డు కింద బిగించి మీటితే వచ్చింది. ఈ సంగతి నాకు తెలిసిన రోజు పరిగెత్తుకెళ్లి చెప్పాను. మావయ్య కాసేపు ఆలోచించి, "తీగ. అవును. దెబ్బ కాదు కావాల్సింది, పలుకు" అన్నాడు.

ఆ 'జురాసిక్ పార్క్' గురించి ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. అందరూ దాన్ని కంప్యూటర్ సినిమా అంటారు. డైనోసార్లు తెర మీద ఉండేది మొత్తం కలిపి సుమారు పావుగంటే, అందులోనూ సగానికి పైగా స్టాన్ విన్‌స్టన్ వర్క్‌షాపులో కట్టిన బొమ్మలు. వానలో వచ్చే పెద్ద టీ రెక్స్ ఇనప ఎముకల మీద రబ్బరు నురగ చర్మం తొడిగిన యంత్రం. వాన నీళ్లు పీల్చుకుని ఆ చర్మం బరువెక్కేది, బరువెక్కితే యంత్రం లెక్క తప్పి వణికేది. షాటుకీ షాటుకీ మధ్య మనుషులు తువ్వాళ్లు పట్టుకుని దాని ఒళ్లు తుడిచేవారు. అంత పెద్ద జంతువుని నిలబెట్టి, పసిపిల్లని తుడిచినట్టు తుడవడం. చేత్తో చేసే పని అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ తువ్వాళ్లే.

* * *

తర్వాత నేనూ ఆ కంప్యూటర్ వైపే వెళ్లాను. ద్వారకానగర్‌లో ఒక మేడ మీద వీడియో మిక్సింగ్ యూనిట్. పెళ్లి వీడియోలకి టైటిళ్లు, గులాబీ రేకులు రాలడం, పేర్లు గిరగిరా తిరిగి వచ్చి నిలబడటం. సెకనుకి 25 ఫ్రేములు, పది సెకన్ల టైటిలంటే 250 బొమ్మలు, ఒక్కొక్క బొమ్మా కంప్యూటర్ లెక్కకట్టి గీయాలి. సాయంత్రం రెండరింగ్ పెట్టి వెళ్తే పొద్దున్నకి అయ్యేది. రాత్రి కరెంటు పోతే అంతా మొదటికి. యూపీఎస్ కీచుమని అరిచినప్పుడు వచ్చే టెన్షన్ ఆ పని చేసినవాళ్లకే తెలుసు. అందుకే కంప్యూటర్ బొమ్మలంటే మీట నొక్కితే వచ్చేస్తాయని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఒకరోజు మావయ్య పనుండి టౌనుకొచ్చి యూనిట్‌కి వచ్చాడు. అప్పుడు నేను సొంతంగా, ఎవరూ అడక్కుండానే, ఆయన ఓడని కంప్యూటర్లో కడుతున్నాను. చూపించాలని ఎంత ఆత్రంగా ఉందో. స్టూలు లాగి కూర్చోబెట్టాను. తెర మీద ఓడని చూశాడు.

"ఎనక వైపు ఉందా?"

మౌస్‌తో తిప్పి చూపించాను. చుక్కాని, ప్రొపెల్లరు, అన్నీ. తల ఊపాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"బరువెంత?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పుపట్టడానికి అడగలేదు, పనివాడు పనివాణ్ణి అడిగే ప్రశ్న అది. ఏ వస్తువు చేతికిచ్చినా ఆయన మొదట అరచేతిలో పెట్టి తూచేవాడు. ఎక్కువ సినిమాల్లో కంప్యూటర్ వస్తువుని చూసినప్పుడు మనకి తెలియకుండానే కన్ను అడిగే ప్రశ్న అదే అని నాకు అనిపిస్తుంది. నేల మీద కాలు పెడితే నేల ఏం చేసింది? తలుపు వేసినప్పుడు గోడ అదిరిందా? లేని వస్తువుని చూస్తున్న నటుడి కళ్లు ఎక్కడ ఆగాయి? ఈ మూడూ సరిపోతే కంప్యూటర్‌దైనా నమ్ముతాం. సరిపోకపోతే ఎన్ని కోట్లు పోసినా అది గోడ మీద బొమ్మే.

నేను చదివి తెలుసుకున్నవన్నీ ఆదివారాలు వెళ్లి ఆయనకి చెప్పడం ఒక అలవాటైపోయింది. వాటిలో ఆయనకి బాగా నచ్చింది స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం కట్టిన చక్రం. 38 అడుగుల చక్రం, గది మొత్తం గుండ్రంగా తిరుగుతుంది, నటుడు లోపల ఉన్నచోటే నడుస్తుంటే గోడ మీద పరిగెత్తినట్టు ఉంటుంది. దాన్ని కట్టింది వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆ పేరు వినగానే మావయ్య లేచి కూర్చున్నాడు. మన మొదటి విమానవాహక నౌక 'విక్రాంత్' గుల్ల కట్టింది ఆ కంపెనీయే. 1971 యుద్ధంలో ఆ విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ ఒడ్డున మునిగింది, బీచ్ రోడ్డులో ఆ యుద్ధం గుర్తుగా కట్టిన స్తూపం పక్కన కూర్చునే మనందరం మురీ మిక్చరు తింటాం. "ఓడలు కట్టినోళ్లయితే కట్టగల్రు" అన్నాడు మావయ్య, తన ఇంట్లోవాళ్ల గురించి చెప్పినట్టు.

* * *

హుద్‌హుద్ వచ్చినప్పుడు మావయ్య ఇంటి వెనక వసారా రేకులు మొత్తం లేచిపోయాయి. 2014 అక్టోబర్. రోజుల తరబడి కరెంటు లేదు, పాలు లేవు, ఎటు చూసినా పడిపోయిన చెట్లు. నేను వెళ్లేసరికి ఓడ తడిసి ఉంది, ముందు మాస్టు విరిగింది. ఆయన దాన్ని తువ్వాలుతో తుడుస్తున్నాడు. నాకు ఆ వాన డైనోసార్ గుర్తొచ్చింది, పైకి అనలేదు.

తర్వాత నెల 'ఇంటర్‌స్టెల్లార్' వచ్చింది. ఊరు ఇంకా కోలుకోలేదు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని మావయ్యని, ఆయన మనవరాల్ని తీసుకుని వెళ్లాను. అప్పుడు ఆ పిల్ల స్కూల్లో ఉంది. అందులో కొండంత అల వస్తుంది. తుఫాను చూసి నెల కూడా తిరగని జనం, హాలంతా నిశ్శబ్దం. మావయ్య చెయ్యి కుర్చీ పట్టుకుని ఉంది. ఆ అల కంప్యూటర్‌దే. నీళ్లు బాగోలేవని ఆయన అనలేదు. నీళ్లకి స్కేలు దొరికింది, లెక్కల్లో దొరికింది. ఆ సినిమాలో కృష్ణబిలం కూడా కిప్ థోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త ఇచ్చిన సమీకరణాల నుంచి గీసిందే. అలాంటిచోట కంప్యూటర్ చేసే పని ఏ చెక్కా, ఏ ఉలీ చెయ్యలేదు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ బయటికొచ్చాక ఆయన మాట్లాడింది పలకల్లాంటి ఆ రోబో గురించి. "అది మనిషి ఆడించిందే. ఆగినప్పుడు సూడు, ఆగాక కొంచెం ఊగుతాది. బరువుంది దానికి."

బిల్ ఇర్విన్ అనే నటుడు దాని వెనక నిలబడి నిజంగానే ఆడించాడు, గొంతూ ఆయనదే. పరిగెత్తే కొన్ని షాట్లు తప్ప చాలావరకు సెట్లో ఉన్న వస్తువే. వెనకున్న మనిషిని తర్వాత కంప్యూటర్లో చెరిపేశారు. ఈ చెరిపే పనే ఇప్పుడు ఆ మనవరాలు హైదరాబాద్‌లో చేస్తోంది. పెయింట్, రోటో అంటారు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కొక్క ఫ్రేములో మనిషి అంచు వెంట గీత గీసి, తాడో కర్రో చెయ్యో తీసేసి, అది కప్పిన గోడని మళ్లీ గీయడం. తాతయ్యకి ఈ పని వివరించిన రోజు నేను అక్కడే ఉన్నాను. "మేం బాగా చేస్తే అక్కడ మా పని ఉందని ఎవరికీ తెలియకూడదు తాతయ్యా" అంది. మావయ్య ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్లు తిప్పి చూసి, "నాదీ అదే పనమ్మా" అన్నాడు.

మంచాన పడ్డాక ఆయనకి ఫోన్లో 'కల్కి 2898 ఏడీ' సినిమాలో బుజ్జి అనే బండి వీడియో చూపించింది. ముందు రెండు చక్రాలు, వెనక బంతిలాంటి చక్రం ఒకటి, సినిమా కోసం నిజంగా కట్టి రోడ్డు మీద నడిపించిన బండి. ఆయన అడిగే లోపే పిల్ల చెప్పేసింది, "ఆరు టన్నులు తాతయ్యా." మావయ్య "ఆరా" అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

* * *

సంవత్సరీకం రోజు సాయంత్రం చుట్టాలందరూ వెళ్లాక, నేనూ ఆ పిల్లా ఓడని కిందకి దించాం. ఆయన అతికించిన మాస్టు అలాగే ఉంది, అతుకు వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు. తొట్టి కడిగి నీళ్లు పట్టాం. బొమ్మ ఓడల షూటింగుకి పాతవాళ్లు వాడిన లెక్క ఒకటుంది. స్కేలుకి వర్గమూలం తీసి, కెమెరాని అన్ని రెట్లు వేగంగా తిప్పాలి, తర్వాత మామూలు వేగంలో చూడాలి. నూటికి ఒకటైతే పది రెట్లు. 24 ఫ్రేములు పదింతలైతే 240. ఆ పిల్ల ఫోన్లో సరిగ్గా 240 ఉంది. మావయ్య ఓడ స్కేలుకి సరిపోయే కెమెరా ఇన్నాళ్లూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం.

ఫోనుని తొట్టి అంచుకి, నీళ్ల మట్టానికి ఆనించింది. నేను పలక చెక్కతో ఒక్కసారి అల తోశాను. మూడు సెకన్లు. 24కి మార్చి వేస్తే ముప్పై సెకన్లు వచ్చింది. చీకటి పడుతోంది, గట్టు మీద ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని చూశాం. అల బరువుగా లేచింది. ఓడ ముక్కు దాని మీదకి తీరిగ్గా ఎక్కింది, కిందకి దిగింది, నీళ్లు డెక్కు మీదుగా పరుచుకుని అంచుల్లోంచి జారిపోయాయి.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి మా భుజాల మీద నుంచి చూసింది.

"ఇదెప్పుడు తీసార్రా, హార్బర్లోనా?"

"మన తొట్టే నానమ్మా."

అత్తయ్య ఏమీ అనలేదు. ముసుగు సర్దుకుని గట్టు మీద కూర్చుంది.

"మళ్లీ ఓసారి ఎయ్యవే" అంది.